సిలిండర్లు ఎక్కడ పెట్టాలి? హోటళ్ళు, మండపాల వాళ్ళ ప్రశ్నలకు జవాబులు

(ఫోన్-ఇన్ కార్యక్రమం, తిరుపతి. అతిథి: అగ్నిమాపక శాఖలో పనిచేసి రిటైరైన అధికారి)

వ్యాఖ్యాత: నమస్కారమండీ. కమర్షియల్ గ్యాస్ కనెక్షన్ తీసుకునేవాళ్ళు సిలిండర్లకు ఏ చోటు ఎంచుకోవాలి అన్నది ఈ రోజు విషయం. లైన్లో లీలామహల్ సర్కిల్ దగ్గర్నుంచి ఒక అన్న ఉన్నారు. చెప్పండన్నా.

కాలర్: నమస్తే మేడమ్, నమస్తే సార్. టిఫిన్ హోటల్ పెడుతున్నాను సార్. బిల్డింగ్ కింద సెల్లార్ ఖాళీగా ఉంది. ఓనరేమో అక్కడే పెట్టుకో, ఎండా వానా తగలవు అంటున్నాడు. పైపు వేసి పైకి వంటింట్లోకి తెచ్చుకుందామని.

అధికారి: ఎన్ని సిలిండర్లు?

కాలర్: 19 కిలోలవి నాలుగు సార్. రెండు వాడకానికి, రెండు స్పేర్.

అధికారి: సెల్లార్ వద్దు. ఇందులో బేరం లేదు. ఎల్పీజీ గాలి కంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. లీకైతే పైకి పోదు, నేలబారున పాకి పల్లం వెతుక్కుంటుంది. సెల్లార్ నుంచి ఇంక కిందికి దారి ఎక్కడుంది? అక్కడే నిలిచిపోతుంది. గాలిలో నూటికి రెండు పాళ్ళు కలిసినా చాలు, మోటార్ స్విచ్ వేసినప్పుడు వచ్చే రవ్వకు అంటుకుంటుంది. పైగా సిలిండర్లో ఉండేది ద్రవం. ఒక లీటరు ద్రవం ఆవిరైతే సుమారు 250 లీటర్ల గ్యాస్ అవుతుంది. చిన్న లీకే కదా అనుకోవడానికి లేదు.

కాలర్: మరి యాడ పెట్టమంటారు సార్? వెనక సందు తప్ప నాకు చోటు లేదు.

అధికారి: సందు అంటే పైన ఆకాశం కనిపిస్తుందా, లేక మీ బిల్డింగూ పక్క బిల్డింగూ కలిసి మూసేశాయా?

కాలర్: ఆకాశం కనిపిస్తుంది సార్. ఒక పక్క డ్రైనేజీ కాలువ పోతుంది.

అధికారి: మీరు అనుకున్న చోట ఒక బిందె నీళ్ళు కుమ్మరించండి. నీళ్ళు ఎటు పోతే గ్యాస్ కూడా ఇంచుమించు అటే పోతుంది. గాలి కూడా దాన్ని తోస్తుందనుకోండి, కానీ పల్లం ఎటుందో ముందు తెలియాలి. నీళ్ళు పోయి కాలువలో పడితే ఆ చోటు వదిలేయండి. కాలువలో దిగిన గ్యాస్ నాలుగిళ్ళ అవతల మ్యాన్‌హోల్ దగ్గర తేలుతుంది. అక్కడ సిగరెట్ కాల్చేవాడికి మీ హోటల్ సంగతి ఏం తెలుసు? బావి, సంపు, లిఫ్టు గొయ్యి, పక్కింటి కిటికీ, జనరేటర్, ట్రాన్స్‌ఫార్మర్, అన్నీ ఇదే లెక్కన చూసుకోండి. బయట దేవుడి పటం పెట్టి దీపం వెలిగిస్తారే, అది కూడా.

వ్యాఖ్యాత: ఎన్ని అడుగుల దూరం అని అడుగుతారు సార్ జనం.

అధికారి: అందరికీ ఒకే అంకె చెప్పకూడదమ్మా. నిల్వ పెరిగే కొద్దీ దూరం పెరుగుతుంది. ఏజెన్సీని డ్రాయింగ్ అడగండి, దాని మీద దూరాలు రాసివ్వమనండి. నోటిమాటతో సరిపెట్టే వాడితో మాత్రం పైపు వేయించుకోవద్దు.

వ్యాఖ్యాత: తిరుచానూరు రోడ్డు నుంచి కల్యాణ మండపం నడిపే ఆయన.

కాలర్: సార్, మాకు ముహూర్తాల రోజుల్లో పన్నెండు సిలిండర్లు కావాలి. మామూలు రోజుల్లో రెండు మూడు చాలు. వెనక గోడకానుకుని వరసగా నిలబెడుతున్నాం.

అధికారి: పన్నెండు అంటే 228 కిలోలు. 100 కిలోలు దాటితే పెసో లైసెన్స్ కావాలి. నాగపూర్‌లో హెడ్డాఫీసు ఉన్న కేంద్ర సంస్థ అది, పేలుడు పదార్థాలు, పెట్రోలియం వ్యవహారాలు చూస్తుంది. 2016 గ్యాస్ సిలిండర్ల రూల్స్‌లో ఉందిది. ఐదు సిలిండర్లు 95 కిలోలు, ఆరోది తెస్తే గీత దాటినట్టే. మండపాల వాళ్ళలో చాలామందికి ఈ లెక్క తెలీదు.

కాలర్: అయితే నాలుగైదుతో సరిపెట్టుకోమంటారా?

అధికారి: అదీ ఇబ్బందే. తక్కువ సిలిండర్లతో పెద్ద పొయ్యిలు మండిస్తే సిలిండర్ ఒంటికి మంచు పడుతుంది, గ్యాస్ సరిగా రాదు. అప్పుడు వంటమాస్టర్లు వేడినీళ్ళు పోస్తారు, కొందరైతే కింద నిప్పు పెట్టినవాళ్ళూ ఉన్నారు! కాబట్టి ఒకేసారి వాడుకునే సంఖ్య తగ్గించొద్దు, పక్కన పేర్చుకునే నిల్వ తగ్గించండి. ముహూర్తానికి ముందు రోజు తెప్పించుకోండి, పని కాగానే పంపించేయండి. వాడకానికే 100 దాటుతుందంటే లైసెన్స్ తీసుకోక తప్పదు.

కాలర్: మా స్థలం కొంచెం పల్లం సార్. 2021 నవంబర్ వానలకు లోపలికి నీళ్ళొచ్చాయి.

అధికారి: తిరుపతిలో చోటు చూసేటప్పుడు అది మరిచిపోకూడదు. కొండ మీద కురిసిన నీళ్ళన్నీ ఊళ్ళోకే దిగుతాయి. 19 కిలోల సిలిండర్ నిండుగా ఉన్నా నీళ్ళలో తేలుతుంది తెలుసా? తేలిందంటే పైపు లాక్కుని పోతుంది. ఎత్తుగా గట్టు కట్టండి, గొలుసుతో గోడకు కట్టేయండి, మీద రేకు వేయండి. చుట్టూ గోడ కట్టి మూసేయకుండా జాలీ పెట్టించండి. తప్పక గదే కట్టాల్సి వస్తే ఎదురెదురు గోడలకు నేల దగ్గర గాలి రంధ్రాలుండాలి. పై కిటికీలతో పని జరగదు. గ్యాస్ అలారం కూడా నేల దగ్గరే బిగించాలి. సీలింగ్‌కు బిగించి ‘పెట్టాం సార్’ అని చూపించిన చోట్లు నేను చాలా చూశాను.

వ్యాఖ్యాత: చిత్తూరు నుంచి ఒక అమ్మ, హాస్టల్ నడుపుతున్నారట.

కాలర్: సార్, మా వంటిల్లు మిద్దె మీద ఉంది. సిలిండర్లు కూడా అక్కడే పెట్టుకుంటే గాలి బాగా ఆడుతుంది కదా?

అధికారి: గాలి ఆడుతుంది, నిజమే. కానీ మిద్దె మీద లీకైతే మెట్ల మీదుగా దిగి పిల్లల గదుల్లోకి వస్తుందమ్మా. అంతంత బరువు సిలిండర్లను మెట్ల మీద దొర్లిస్తూ మోసుకెళ్ళడం రోజూ ఉండే ప్రమాదం. మంటలొస్తే పైకెక్కి వాల్వు కట్టేదెవరు? కిందే బయట పెట్టి, మెయిన్ వాల్వు మంట దాటి పోకుండా చేతికందేలా పెట్టించండి. లారీ దగ్గరికి రాగలగాలి, ఫైరింజన్ కూడా.

కాలర్: మా పక్క హోటల్లో సిలిండర్లు మా కిటికీ కిందే పేర్చారు సార్. అడిగితే కొట్లాటకొస్తారు.

అధికారి: అగ్నిమాపక కార్యాలయంలో, మున్సిపల్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇవ్వండి. ఫోటోలు జతచేయండి, అందినట్టు కాగితం తీసుకోండి. వాసన గట్టిగా వస్తే మాత్రం కాగితాల కోసం కూర్చోవద్దు. లైట్ వేయొద్దు, ఆర్పొద్దు. పిల్లల్ని బయటికి తీసుకొచ్చేసి, దూరంగా నిలబడి 1906కు ఫోన్ చేయండి. గ్యాస్ లీకుల కోసమే పెట్టిన నెంబరు, రాత్రి పూటా పలుకుతారు. మంటలుంటే 101.

కాలర్: బయటికొచ్చాకే ఫోన్ చేయాలా సార్?

అధికారి: అవునమ్మా, వాసన ఉన్న చోట ఫోన్ ముట్టుకోవద్దు.