టెర్రియర్ల కొంప ముంచింది చట్టం కాదు, డాగ్ షో!

నేల బొరియల్లో దూరి వేటాడే చిన్న కుక్కలు టెర్రియర్లు. బ్రిటన్‌లో వాటిని కనుమరుగయ్యే గతికి తెచ్చింది వేట నిషేధ చట్టం కాదు. డాగ్ షో! ఆ జాతుల్ని మేమే కాపాడుతున్నామని చెప్పుకుంటున్నారే, ఆ డాగ్ షోనే!

మళ్లీ పాత గొడవే మొదలైంది కదా. కుక్కలతో నక్కల్లాంటి జంతువుల్ని వేటాడకూడదన్న 2004 హంటింగ్ యాక్ట్ వల్లే మా కుక్కలు పోయాయని వేటగాళ్లు అంటున్నారు. మేం లేకపోతే ఎప్పుడో పోయేవని షోల వాళ్లు అంటున్నారు. సరే, సీలీహామ్ టెర్రియర్ సంగతి చూద్దాం. వేల్స్‌లోని పెంబ్రోక్‌షైర్‌లో కెప్టెన్ జాన్ ఎడ్వర్డ్స్ దశాబ్దాల పాటు తీర్చిదిద్దిన జాతి ఇది. కాళ్లు పొట్టి, గుండె గట్టి. అలాంటి కుక్కకు 2008లో కుక్కల జాతుల్ని నమోదు చేసే బ్రిటన్ కెన్నెల్ క్లబ్‌లో నమోదైన పిల్లలు ఎన్నో తెలుసా? 43! దేశం మొత్తానికి నలభై మూడంటే నలభై మూడు!

చట్టం అమల్లోకి వచ్చింది 2005లో. మూడేళ్లలోనే ఇంత పడిపోతుందా? ఈ జాతి అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే తగ్గుతూ వచ్చింది. ఒకప్పుడు హాలీవుడ్‌లో ఇదే ఫ్యాషన్. ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ కూడా పెంచుకున్నాడు. ఫ్యాషన్ మారింది, కుక్క ఎవరికీ పట్టకుండా పోయింది. కుక్కకు వేట పని ఉంటే ఆ పనికోసమైనా ఎవరో ఒకరు పెంచేవారు కదా!

అసలు టెర్రియర్ అనే పేరే లాటిన్‌లో నేల అనే మాట నుంచి వచ్చింది. నక్క బొరియలో దూరాలంటే రెండు చేతులతో పట్టుకుంటే ఛాతీ ఆ చేతుల్లో ఇమడాలి. లోపల చీకట్లో ఒంటరిగా నిలబడి, పైనున్న మనిషికి చోటు తెలిసేలా మొరుగుతూనే ఉండాలి. ఆ తెగువను ఏ జడ్జి కొలుస్తాడు? షో రింగులో కొలిచేది దువ్విన బొచ్చు, నడక, తల ఆకారం. బురదలో ఆ బొచ్చు ఎందుకు పనికొస్తుంది చెప్పండి! జాక్ రస్సెల్ అనే టెర్రియర్ జాతికి పేరిచ్చిన పాస్టర్ జాన్ రస్సెల్ కెన్నెల్ క్లబ్ తొలి సభ్యుల్లో ఒకడు. అయినా తన వేట కుక్కల్ని మాత్రం షోలకు దూరంగానే ఉంచాడు. ఎందుకో ఆలోచించండి!

ఇక నా మాట వినండి. ఈ జాతుల్ని కాపాడేది నక్కలు కాదు, ఎలుకలు! ఆ చట్టంలోనే ఎలుకల వేటకు మినహాయింపు ఉంది, భూమి యజమాని ఒప్పుకుంటే చాలు. ఇంగ్లండ్‌లో కొందరు సీలీహామ్‌లను గుంపుగా ఎలుకల మీదికి వదులుతున్నారు కూడా. వాసన పట్టడం, కలుగు దగ్గర ఓపిగ్గా కాచుకోవడం, రెప్పపాటులో పట్టి విదిలించడం... అన్నీ ఆ పనిలో బయటపడతాయి.

ఐర్లాండ్‌లో గ్లెన్ ఆఫ్ ఇమాల్ టెర్రియర్‌కు ఒకప్పుడు పని పరీక్ష నెగ్గితేనే ఛాంపియన్ బిరుదు. ఆ పరీక్ష బొరియల్లో బతికే బ్యాడ్జర్ అనే జంతువుల మీద జరిగేది. అది క్రూరం, 1968లో ఎత్తేయడం మంచిదే. కానీ దాని స్థానంలో ఇంకో పరీక్ష ఎందుకు పెట్టలేదు? ఒక్క పూట పశువుల కొట్టంలో ఎలుకల పని పెట్టండి. అందులో నిలబడిన కుక్కకే కప్పు ఇవ్వండి. దువ్వెన తర్వాత తీయొచ్చు!