ఎడమ పక్క ఖాళీ: పర్లాకిమిడి మాస్టారితో నోట్సు కబుర్లు

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈవేళ మనం పర్లాకిమిడిలో మాస్టారింటి అరుగు మీద కూర్చున్నాం. మధ్యమధ్య ఆటో హారన్లు వినిపిస్తే ఏమనుకోకండి. మాస్టారు ముప్పయ్యేళ్ల పైనే హైస్కూలు పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరయ్యేరు. మా తమ్ముడు ఈ ఏడు మెట్రిక్ రాస్తాడు, వాడి ఖాతా పట్టుకొచ్చేను. దూరంనుంచి వినేవాళ్లకి ఒక మాట, మా దగ్గర నోటుబుక్కుని ఖాతా అంటాం. ఒడియా మాట. బ్యాంకు ఖాతా అనుకునేరు!

మాస్టారు: అందులో ఎంతుందో చూద్దాం, ఇలా తే అమ్మా. అబ్బో, శుభలేఖలాగ ఉందే! నీలం, ఎరుపు, ఆకుపచ్చ. కొట్టివేత ఒక్కటి లేదు. అదే నాకు అనుమానం.

హోస్ట్: కొట్టివేతలు లేకపోతే అనుమానమేటండీ?

మాస్టారు: వింటూ ఆలోచించేవాడు ఎక్కడో ఒకచోట తప్పు రాసి కొట్టీస్తాడు. ఇది బోర్డు మీదున్నది ఉన్నట్టు దించీసింది. ఇదిగో, తుఫాను పాఠం రెండున్నర పేజీలు. తుఫాను సముద్రం మీదే ఎందుకు పుడుతుందని మీవాణ్ణి అడిగేవా?

హోస్ట్: అడిగేనండీ. "ఖాతాలో ఉందక్కా" అన్నాడు.

మాస్టారు: (నవ్వుతూ) అదీ సంగతి. వెయ్యడం వచ్చు, తియ్యడం రాదు. అలాగని వాణ్ణి కోప్పడకు. ఆ తప్పు మా మాస్టర్లది. కొత్తలో నేనూ నోట్సు డిక్టేట్ చేసీవాణ్ణి. ఒకసారి ఒడిశా వేరే ప్రావిన్సు ఎప్పుడయిందో చెబుతూ 1936 అనబోయి 1963 అనీసేను. నాకే తెలీలేదు. పరీక్ష పేపర్లు దిద్దుతుంటే ఒకటీ రెండూ కాదు, క్లాసంతా 1963! ఏటా ఏప్రిల్ 1న ఉత్కళ దివస్ జెండాలు పట్టుకుని తిరిగే పిల్లలమ్మా. పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది ఆ రోజునే. ఈ ఊరి మహారాజా కృష్ణచంద్ర గజపతి గారు ఆ పని మీద లండన్ రౌండ్ టేబుల్ కాన్ఫరెన్సు దాకా వెళ్లొచ్చేరు. ఆ సంగతి కూడా అదే పాఠంలో ఉంది. ఒక్కడంటే ఒక్కడు "అదేటి సార్" అనలేదు. చెవినుంచి చేతికి పోయింది, మధ్యలో ఎక్కడా ఆగలేదు. ఆ రోజుతో డిక్టేషన్ మానీసేను.

హోస్ట్: మన పిల్లలకి ఇంకో చిక్కుంది కదండీ. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఒక్కోచోట పుస్తకం ఇంగ్లీషు. ఏ భాషలో రాసుకోవాలి నోట్సు?

మాస్టారు: చిక్కని ఎందుకనుకోవాలి? నా లెక్కలో అది కలిసొచ్చిన సంగతి. సారు ఒడియాలో చెప్పిందాన్ని తెలుగులో రాసుకోవాలంటే ముందు అర్థమవ్వాలి. అర్థం కాకపోతే పెన్ను కదలదు. కదల్లేదంటే సారుని అడగాల్సింది ఆ ముక్కే. కాకపోతే శాస్త్రం మాటల్ని మాత్రం పరీక్ష ఏ భాషలో రాస్తామో ఆ భాషలోనే ఉంచాలి. అల్పపీడనానికి పుస్తకంలో ఏ మాట ఉందో ఆ మాటే రాసి, దాని చుట్టూ మన తెలుగు.

హోస్ట్: మన తెలుగు అంటే పుస్తకాల తెలుగా, ఇంట్లో మాట్లాడే తెలుగా?

మాస్టారు: ఈ ఊళ్లో కూర్చుని ఆ ప్రశ్న అడుగుతావేటమ్మా! గిడుగు రామమూర్తి పంతులు గారు 1880లో ముప్పై రూపాయల జీతం మీద ఇక్కడి రాజావారి స్కూల్లో చరిత్ర చెప్పడానికి చేరేరు. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. నాకు అంతకంటే ఇష్టమైంది ఆయన సవర, అంటే ఇక్కడి కొండల్లో సవరలు మాట్లాడే భాష, నేర్చుకున్న తీరు. పుస్తకం లేదు, అప్పటికి లిపి లేదు. రెండు భాషలూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని మాట మాటా విని రాసుకున్నారు. ఆ రాతల్లోంచే సవర వ్యాకరణం, నిఘంటువులు వచ్చేయి. ఇంతకంటే గొప్ప నోట్సు ఈ జిల్లాలో ఎవరూ రాయలేదు. బోర్డు మీద రాసిచ్చిన సారు ఎవరూ లేరు ఆయనకి.

హోస్ట్: బాగుంది. ఇప్పుడు మావాడి ఖాతా బాగుచేద్దాం. ఎక్కడ మొదలెట్టాలి?

మాస్టారు: స్కేలు తీసుకో. కుడి పేజీలో ఎడమ పక్క రెండంగుళాలు వదిలి నిలువుగా ఒక గీత. అడుగున నాలుగు వేళ్ల మేర వదిలి అడ్డంగా ఇంకోటి. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీలో వాల్టర్ పాక్ అనే ఆయన 1950లలో అక్కడి విద్యార్థులకి నేర్పిన పద్ధతి ఇది. క్లాసులో రాసేదంతా కుడివైపు. ఎడమ పక్క అప్పుడు ముట్టుకోకూడదు. సాయంత్రం ఇంటికొచ్చి, కుడివైపు రాసుకున్నదానికి ప్రశ్నలు తయారుచేసి ఎడమ పక్క రాయాలి. కింద గదిలో రెండు మూడు వాక్యాల్లో సారాంశం.

హోస్ట్: అది చాలామంది చెబుతారు మాస్టారూ. పిల్లలు వారం గీతలు గీస్తారు, తరవాత మానీస్తారు.

మాస్టారు: ఎందుకు మానీస్తారంటావు? గీతలే పద్ధతి అనుకుంటారు గనక. అసలు పని ఎడమ పక్క ఉంది. కుడివైపు అట్టముక్క పెట్టి మూసి, ఎడమ పక్క ప్రశ్న చూసి పైకి చెప్పాలి. తప్పో ఒప్పో, చెప్పాకే అట్ట తియ్యాలి. 2006లో రోడిగర్, కార్పికీ అని ఇద్దరు అమెరికాలో ఒక ప్రయోగం చేసేరు. ఒకే పాఠం. కొందరు మళ్లీ చదివేరు, కొందరు చూడకుండా గుర్తున్నది రాసేరు. అయిదు నిమిషాల తరవాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచెయ్యి. వారం పోయాక పెడితే చూడకుండా రాసినవాళ్లు బాగా ముందున్నారు. మనవాళ్లు పరీక్షకి ముందురోజు రాత్రి మళ్లీ మళ్లీ చదివి "వచ్చీసింది" అనుకోవడం ఆ అయిదు నిమిషాల లెక్కే.

హోస్ట్: మరి హైలైటర్లు? మావాడికి అయిదు రంగులున్నాయి.

మాస్టారు: హోలీకి పనికొస్తాయి. 2013లో డన్‌లాస్కీ, మరికొందరు కలిసి పది రకాల చదువు పద్ధతుల్ని బేరీజు వేసేరు. గీతలు గీసుకోవడం అడుగు వరసలో పడింది. దాచకుండా చెప్పాలి కదా, సారాంశం రాయడం కూడా ఆ వరసలోనే పడింది.

హోస్ట్: అయ్యో! ఇంతసేపూ సారాంశం రాయమనే కదండీ చెబుతున్నారు?

మాస్టారు: రాయడం నేర్పితే పనిచేస్తుంది. నేర్పకుండా రాయమంటే పిల్లలు పాఠంలో మొదటి వాక్యం, చివరి వాక్యం ఎత్తి రాసీస్తారు. నేర్పడానికి నా దగ్గర ఒకటే కిటుకు. పుస్తకం మూసి, బడికి వెళ్లని మీ నానమ్మకి చెబుతున్నట్టు చెప్పాలి. ఏదీ, నువ్వు చెప్పు. తుఫాను.

హోస్ట్: నేనా! సముద్రం నీళ్లు వేడెక్కుతాయి... ఎంత వేడి?

మాస్టారు: ఇరవయ్యారు, ఇరవయ్యేడు డిగ్రీలు దాటాలి. నానమ్మకి డిగ్రీలు అక్కర్లేదు, పరీక్షకి కావాలి. అది కుడివైపు ఉంటుందిలే. కానీ.

హోస్ట్: ఆవిరి పైకి పోతుంది, కింద అల్పపీడనం వస్తుంది. ఆ చోటుకి చుట్టుపక్కల గాలి దూసుకొస్తుంది. భూమి తిరుగుతుంది గనక ఆ గాలి మెలితిరుగుతుంది. తీరం దాటాక బలం తగ్గుతుంది.

మాస్టారు: "ఎందుకు" అన్న మాట ఒకచోట జారింది చూడు. తీరం దాటాక ఎందుకు తగ్గుతుంది?

హోస్ట్: ...నేల తగిలి?

మాస్టారు: అదీ కొంత ఉందిలే. అసలైంది ఆవిరి. పైకెళ్లిన ఆవిరి నీరుగా మారేటప్పుడు వేడి విడుదలవుతుంది, తుఫానుకి తిండి అదే. నేల మీదకొచ్చాక ఆ తిండి అందదు. ఇప్పుడు నీ అయిదు వాక్యాలూ మూడవుతాయి. మెలి ఎటువైపు తిరుగుతుంది, మధ్యలో కన్ను ఎంత ఉంటుంది, ఇవి సారాంశంలో అక్కర్లేదు. ఒకదానివల్ల ఇంకొకటి అయ్యేవే కింద గదిలోకి రావాలి. నా పిల్లలు "వల్ల" అని రాయరు, బాణం గుర్తు వేస్తారు. బాణాలు ఎన్నున్నాయో చూస్తే చాలు, పాఠం అర్థమైందో లేదో నాకు తెలిసిపోయేది.

హోస్ట్: ఆగండాగండి. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది కదండీ, అక్టోబరు 11 తెల్లారగట్ల. తీరం దాటితే బలం తగ్గాలి. మరి ఇంత లోపలున్న మన గజపతి జిల్లాలో వరదలొచ్చి, కొండచరియలు ఎందుకు విరిగిపడ్డాయి?

మాస్టారు: (కాస్త ఆగి) ఇది గైడులో ఉందా?

హోస్ట్: లేదండీ. గాలి తగ్గినా తెచ్చిన నీళ్లు పోవు కదా, కొండలకి తగిలి ఇక్కడే కురిసీసిందేమో...

మాస్టారు: ఊఁ, చాలు, చాలు. పెన్ను తీయి. ప్రశ్న మాత్రం ఎడమ పక్క రాయి. జవాబు రాయకు. అది మీవాడికి వదిలీ.