నాలుగు అక్షరాల్లో దాగిన రెండు అక్షరాలు

(చెన్నైలో తెలుగు కుటుంబాల కలయికలో, హైస్కూలు పిల్లలు, వాళ్ల అమ్మానాన్నల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ఎగ్మోర్‌లో ప్రభుత్వ కంటి ఆసుపత్రి మీ అందరికీ తెలిసిందే. 1819లో మద్రాస్ ఐ ఇన్ఫర్మరీ పేరుతో మొదలైంది. దాని ఇంగ్లీషు పేరులో ఆఫ్తాల్మిక్ అనే మాట ఉంది. చూడకుండా ఆ స్పెల్లింగ్ రాయమంటే పెద్దవాళ్లం కూడా తడబడతాం. ఓ తర్వాత పీ, హెచ్, టీ, హెచ్. పిల్లలు సాధారణంగా మింగేసేది మొదటి హెచ్‌ని. ఈ నాలుగూ వరసగా వచ్చే మాటలు ఇంగ్లీషులో తక్కువే. ఈ పూట వాటి గురించే మాట్లాడతాను.

నేను ఇంటర్ చదివేటప్పుడు ల్యాబ్ రికార్డులో ఫినాల్ఫ్తలీన్ అనే రసాయనం పేరు తప్పు రాశాను. మా లెక్చరర్ ఎర్ర ఇంకుతో కొట్టేసి యాభైసార్లు రాయించారు. రాశాను. పరీక్షలో టెన్షన్ వచ్చి మళ్లీ తప్పే రాశాను. ఆ మాటకు అర్థమేమిటో, మధ్యలో ఆ అక్షరాలు ఎందుకున్నాయో ఎవరూ చెప్పలేదు. తర్వాత నేను చాలా ఏళ్లు కెమిస్ట్రీ పాఠాలు చెప్పాను. ఏ పిల్లవాడి చేతా యాభైసార్లు రాయించలేదు. అర్థం తెలియకుండా చెయ్యి నొప్పి పుట్టేలా రాయించడం చదువు కాదని నా నమ్మకం.

లెక్కల్లో మీరు రోజూ చూసే ఫై, థీటా ఉన్నాయి కదా, అవి గ్రీకు అక్షరాలు. ప్రాచీన గ్రీకులు ఫైని ఇంగ్లీషు ఎఫ్ లాగా పలికేవారు కాదు. పెదవులు మూసి, ఒత్తి, గాలి వదిలేవారు. అంటే మన వత్తు ప: ఫ. థీటా మన థ. ఈ మాటల్ని రోమన్లు తమ లిపిలో రాయబోతే వాళ్లకు అలాంటి అక్షరాలు లేవు. పీ పక్కన ఒక హెచ్, టీ పక్కన ఒక హెచ్ పెట్టి సర్దుకున్నారు. భరత్ అనే పేరు ఇంగ్లీషులో రాసేటప్పుడు మనం బీ పక్కన హెచ్ పెట్టమూ? అదే పని. కాబట్టి పీ-హెచ్-టీ-హెచ్ నాలుగు అక్షరాల చిక్కుముడి కాదు. ఫ, థ కలిసిన ఒక్క సంయుక్తాక్షరం. ఒకటో తరగతిలో మనం దిద్దిన అక్షరాలే అవి. గ్రీకులో ఫై ఎఫ్ శబ్దంలోకి మారింది ఆ తర్వాతి కాలంలో.

ఇప్పుడు మాటలు విప్పుదాం. గ్రీకులో ఆఫ్తాల్మోస్ అంటే కన్ను. ఆఫ్తాల్మాలజిస్ట్, పదిహేను అక్షరాలు, కళ్ల డాక్టరు. ముందు జీరోస్ చేరిస్తే జీరాఫ్తాల్మియా. జీరోస్ అంటే ఎండిన, పొడి. జిరాక్స్ అనే పేరూ అందులోంచే వచ్చింది, తడి ఇంకు లేకుండా పొడితో అచ్చు తీస్తుంది గనక. అంటే జీరాఫ్తాల్మియాలో సగం మీ వీధి చివరి జిరాక్స్ కొట్టులో ఉంది, సగం ఎగ్మోర్‌లో ఉంది. విటమిన్ ఏ తక్కువైతే వచ్చే జబ్బు ఇది. ముందు రేచీకటి వస్తుంది, తర్వాత కన్ను పొడిబారుతుంది, ముదిరితే నల్లగుడ్డు దెబ్బతిని చూపే పోతుంది. పసిపిల్లలకు ఆరునెలలకోసారి విటమిన్ ఏ మందు పోసేది ఇందుకే. తల్లులు దీన్ని మర్చిపోకండి.

డిఫ్తీరియా గ్రీకు డిఫ్తెరా నుంచి వచ్చింది. డిఫ్తెరా అంటే తోలు. ఈ జబ్బులో గొంతులో తోలులాంటి బూడిదరంగు పొర కడుతుంది. అది చూసే 1826లో ఫ్రెంచి వైద్యుడు బ్రెటనో ఈ మాటతో పేరు పెట్టాడు. తెలుగులో కంఠసర్పి. డీపీటీ టీకాలో డీ ఇదే. ఇక డిఫ్తాంగ్ అంటే రెండు ధ్వనులు కలిసిన అచ్చు. మన ఐ, ఔ అలాంటివే.

నన్ను ఏడిపించిన మాట దగ్గరికి వస్తాను. దీని దారి వేరు. నాఫ్తా అనేది భూమిలోంచి ఊరే నూనెకు పాత పేరు, గ్రీకులకు తూర్పు దేశాల నుంచి అందింది. దాన్నిబట్టి తారులో దొరికిన తెల్లటి పదార్థానికి నాఫ్తలీన్ అని పేరు పెట్టారు. బీరువాలో బట్టల మధ్య వేసే ఉండలు అవే. నాఫ్తలీన్ నుంచి ఒక ఆమ్లం తయారు చేసి, పేరు మరీ పొడుగైందని ముందున్న నా తీసేశారు. పీ-హెచ్-టీ-హెచ్‌తో మొదలయ్యే థాలిక్ ఆమ్లం మిగిలింది. ఆ ఆమ్లం నుంచి వచ్చే థాలిక్ అన్‌హైడ్రైడ్‌ని ఫినాల్‌తో కలిపి 1871లో జర్మన్ శాస్త్రవేత్త బేయర్ చేసింది ఫినాల్ఫ్తలీన్. ఆమ్లంలో రంగుండదు, క్షారంలో గులాబీ రంగు. ఆ నాలుగు అక్షరాలు బీరువా ఉండల నుంచి వచ్చాయని ఎవరైనా ఒక్కసారి చెప్పి ఉంటే నేను జన్మలో తప్పు రాసేదాన్ని కాదు.

చివరిది చిన్నమాట. ఎనిమిది అక్షరాలు, మొదలే పీ-హెచ్-టీ-హెచ్. పలకడం థైసిస్. టీబీకి పాత పేరు. గ్రీకు ధాతువుకు అర్థం క్షీణించడం, కరిగిపోవడం. భాషా శాస్త్రజ్ఞులు దీన్నీ సంస్కృతంలోని క్షి ధాతువునూ ఒకే మూలానికి చెందినవిగా చెబుతారు. ఆ క్షి నుంచే మనకు క్షీణం వచ్చింది, క్షయ వచ్చింది. తెలుగు సంస్కృతం నుంచి పుట్టిన భాష కాదని 1816లో ఇదే మద్రాసులో ఎల్లిస్ అనే ఇంగ్లీషు అధికారి చూపించాడు. క్షయ మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాట. అయినా ఎంత దూరపు చుట్టరికం చూడండి! ఎక్కడో గ్రీసులో ఒక జబ్బుకు పెట్టిన పేరు, ఇక్కడ మన నోట్లో నలిగిన పేరు, రెండూ ఒకే విత్తనం.

తాంబరం శానటోరియం స్టేషన్లో రైలు ఆగినప్పుడల్లా నాకు మా అమ్మమ్మ గుర్తొస్తుంది. శానటోరియం అంటే టీబీ రోగుల్ని ఉంచే ఆసుపత్రి. ఆవిడకు పెళ్లైన కొత్తలో ఆ జబ్బు చేసింది. నెలల తరబడి ఆసుపత్రిలో ఉంది. ఇంట్లో ఉంచి మందులిచ్చినా శానటోరియంతో సమానంగా నయమవుతుందని ఇదే ఊళ్లో 1956లో మొదలైన పరిశోధన తేల్చింది గానీ, అది ఆవిడ కాలానికి అందలేదు. ఆవిడకు బడి చదువు లేదు. “క్షయ అన్నారమ్మా” అని చెప్పేది, అంతే. ఆవిడ పోయాక ట్రంకు పెట్టెలో పాత ఆసుపత్రి చీటీ దొరికింది. డాక్టరు రాసిన మాట అదే, పీ-హెచ్-టీ-హెచ్‌తో మొదలైనది.

చీటీ నా దగ్గరే ఉంది, తెచ్చాను. పిల్లలూ, ఒక్కొక్కరే ముందుకొచ్చి చూడండి. కాగితం పాతది, మెల్లగా పట్టుకోండి.