రెండు కిలోబైట్ల ఆట

అందరికీ నమస్కారం.

పాత వీడియో గేమ్‌ల మీద జనానికి మోజు ఎందుకు తగ్గడం లేదో మాట్లాడమన్నారు. చిన్నప్పటి జ్ఞాపకాలు కదా, అందుకే అని ఒక్క ముక్కలో తేల్చేసి కూర్చోవచ్చు. కానీ 2023 డిసెంబరులో అమెరికాలో పదమూడేళ్ల కుర్రాడు, పైనుంచి పడే ముక్కల్ని పేర్చే నింటెండో టెట్రిస్‌ను ఆడీ ఆడీ 157వ లెవెల్‌కి తీసుకెళ్లాడు. అక్కడ ప్రోగ్రామ్ చేతులెత్తేసి బిగుసుకుపోయింది. మనిషి చేతిలో ఆ ఆట అలా ఆగిపోవడం అదే మొదటిసారి. ఆ ఆట ఆడే నింటెండో మెషిన్ తయారీ 2003లోనే ఆపేశారు. ఈ పిల్లాడు ఆ తర్వాత పుట్టినవాడు. అతనికి ఏం జ్ఞాపకాలుంటాయి?

1983 జులై 15న జపాన్‌లో 14,800 యెన్లకు ఫ్యామికామ్ పేరుతో అమ్మకానికి వచ్చింది ఆ మెషిన్. దాన్ని రూపొందించిన ఇంజనీరు మసయుకి ఉఎమురా. 1985లో డబ్బా ఆకారం మార్చి, నింటెండో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్ అని అమెరికాలో దింపారు. తొంభైల్లో మన ఇళ్లకు ఎక్కువగా వచ్చినవి దాని క్లోన్లు, అంటే నకళ్లు. పేరేదైనా మనకది టీవీ వీడియో గేమే. క్యాసెట్ మీద 9999999 ఇన్ 1 అని ఉండేది, లోపల చూస్తే తిప్పి తిప్పి అవే నాలుగు ఆటలు!

ఆట నడుస్తున్నంతసేపు లెక్కలు గుర్తుపెట్టుకునే దీని వర్కింగ్ మెమరీ ఎంతో తెలుసా? రెండు కిలోబైట్లు. ఇప్పుడు నేను చదువుతున్న ఈ తెలుగు పాఠంలో పావు వంతు కూడా అందులో పట్టదు. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ ఆట క్యాసెట్‌లో మొత్తం 40 కిలోబైట్లు. చోటు లేక, ఆకాశంలో మబ్బుకు గీసిన బొమ్మనే నేల మీద పొదకూ వాడేశారు. తెల్ల రంగు వేస్తే మబ్బు, పచ్చ రంగు వేస్తే పొద. ఈసారి ఆడేటప్పుడు చూడండి.

కంట్రా అనే తుపాకుల ఆటలో ఇద్దరం కలిసి కాలుస్తుంటే బుల్లెట్లు మిణుకు మిణుకుమనేవి, గుర్తుందా? టీవీ పాడైపోతోందని ఇంట్లో తిట్లు తినేవాళ్లం. పాపం, టీవీ తప్పేం లేదు. కదిలే బొమ్మ ముక్కలు ఒక అడ్డగీత మీద ఎనిమిదికి మించితే ఆ చిప్ చూపించలేదు. ఎప్పుడూ ఒకే బొమ్మ మాయం కాకుండా ప్రోగ్రామర్లు వంతులవారీగా ఒక్కోదాన్ని వదిలేసేవారు. అదీ ఆ మిణుకు.

నా ఉద్దేశంలో అసలు ఆకర్షణ ఇక్కడే ఉంది. ఈ మెషిన్ మొత్తం ఒక మనిషి బుర్రకి పట్టే సైజులో ఉంటుంది. దాని హద్దులు ఆడేవాడికీ తెలుస్తాయి. హద్దులు తెలిసిన చోటే మనిషి మొండిగా తవ్వుతాడు. టెట్రిస్‌లో 29వ లెవెల్ నుంచి ముక్కలు పడే వేగానికి వేళ్లు అందుకోలేవని చాలా ఏళ్లు అనుకున్నారు. తర్వాత ఎవరికో తట్టింది: బొటనవేలిని బటన్ మీద ఊరికే ఆనించి ఉంచి, రెండో చేతి వేళ్లతో కంట్రోలర్ వీపు మీద దరువు వేస్తే? ఒక్కో దెబ్బకీ బటనే వచ్చి బొటనవేలికి నొక్కుకుంటుంది. ఆటగాళ్లు దీన్ని రోలింగ్ అంటారు. 1989 నాటి ఆటకి మూడు దశాబ్దాలు దాటాక కొత్త పట్టు దొరికింది. ఆ కుర్రాడు ఆడిందీ అలాగే.

అలాగని అప్పటి ఆటలన్నీ ముత్యాలని నేను అనను. చాలావాటిలో సేవ్ ఉండదు, కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి. కొన్ని తయారుచేసినవాళ్లకే కొరుకుడు పడలేదు. గ్రాడియస్ అనే ఆటను ఫ్యామికామ్‌కి మారుస్తున్న కజుహిసా హషిమోటో టెస్టింగ్‌లో దాన్ని నెగ్గలేక, తన సౌకర్యం కోసం ఒక కోడ్ పెట్టుకున్నాడు. అది ఆటలోనే ఉండిపోయింది. పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి ఎడమ కుడి, బీ ఏ. కంట్రాలో మనకు 30 లైఫులు ఇచ్చింది ఇదే. వెనక వరుసలో కొందరి పెదాలు నాతోపాటే కదిలాయి, చూశాను!

క్యాసెట్‌లో ఊదడం గురించి ఎలాగూ అడుగుతారు కాబట్టి ముందే చెప్పేస్తాను. ఊదినందుకు కాదు, తీసి మళ్లీ పెట్టినందుకు పిన్నులు సరిగ్గా ఆనేవి. నోటి తడికి తుప్పు పడుతుంది కూడా, ఇక ఊదకండి.

పక్క బల్ల మీద డబ్బా టీవీకి ఒక క్లోన్ తగిలించి పెట్టాం. కావాలనే డబ్బా టీవీ తెచ్చాం, ఎందుకంటే డక్ హంట్ అనే బాతుల వేట ఆటలో వాడే తుపాకీ ఫ్లాట్ టీవీల మీద పనిచేయదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఓ క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల చతురస్రం మెరుస్తుంది. ఆ వెలుగు తుపాకీ గొట్టంలోకి వచ్చిందా లేదా అన్నదే లెక్క. కొత్త టీవీల్లో బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది, లెక్క తప్పుతుంది. రండి, ఇద్దరిద్దరుగా ఆడుకోండి. రెండో కంట్రోలర్‌లో 'A' బటన్ మాత్రం కాస్త గట్టిగా నొక్కాలి.