మెయిన్‌ఫ్రేమ్ స్టార్టప్‌కి ఎస్‌ఎస్‌ఎం ఎంతవరకు పనికొస్తుంది?

నమస్తే అండి. బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో ఆదివారం నైట్ షిఫ్టుకి ఐపీఎల్ పడిన వాళ్ల కోసం ఈ వీడియో. చిన్నస్వామి స్టేడియం ఐపీఎల్ కాదు లెండి, జెడ్/ఓఎస్ ఐపీఎల్, అంటే ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్‌ని బూట్ చేయడం. ఇవాళ చూసేది మెయిన్‌ఫ్రేమ్ ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్ అయిన బ్రాడ్‌కామ్ ఓపీఎస్/ఎంవీఎస్‌లోని సిస్టమ్ స్టేట్ మేనేజర్, అందరూ ఎస్‌ఎస్‌ఎం అనేది.

ఇది లేనిచోట స్టార్ట్ కమాండ్లన్నీ సిస్టమ్ సెట్టింగుల లైబ్రరీ అయిన పార్మ్‌లిబ్ కమాండ్ మెంబర్‌లో పడేస్తారు. మీరు రాసిన వరుసలోనే అవి నడుస్తాయని గ్యారంటీ లేదు. ఎస్‌ఎస్‌ఎంలో ఒక టేబుల్ ఉంటుంది, ఒక్కో స్టార్టెడ్ టాస్క్‌కి, అంటే స్టార్ట్ కమాండ్‌తో లేచే ప్రోగ్రామ్‌కి, ఒక వరుస (రో). ఎలా ఉండాలన్నది డిజైర్డ్ స్టేట్, ఇప్పుడెలా ఉందన్నది కరెంట్ స్టేట్. రెండూ కలవకపోతే అదే యాక్షన్ తీసుకుంటుంది.

స్క్రీన్ చూడండి. డేటాబేస్ అయిన డీబీ2 స్టార్టింగ్‌లో ఉంది. కింద ట్రాన్సాక్షన్లు నడిపే సీఐసీఎస్ డౌన్, దాని ప్రీరెక్ (ముందుగా అప్‌లో ఉండాల్సినది) కాలమ్‌లో డీబీ2. అందుకే సీఐసీఎస్ కదలకుండా కూర్చుంది. బాగుంది కదా? కానీ ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఐఈఎఫ్403ఐ మెసేజ్ రాగానే డీబీ2ని అప్ చేసేలా రూల్ రాసేస్తారు. ఆ మెసేజ్‌కి అర్థం జాబ్ మొదలైందని, అంతే. డీబీ2 ఇంకా లాగ్ చదువుకుంటూనే ఉంటుంది, ఈలోపు సీఐసీఎస్ లేచి కనెక్షన్ అడుగుతుంది. కమాండ్ పూర్తయిందని చెప్పే డీఎస్‌ఎన్9022ఐ కోసం ఆగాలి. అదీ మెసేజ్ నంబర్ ఒక్కటే చూస్తే చాలదు. వేరే డీబీ2 కమాండ్లకీ అదే నంబర్ వస్తుంది కాబట్టి, లోపల 'స్టార్ట్ డీబీ2' అన్న మాట ఉందో లేదో రూల్‌లో చెక్ చేయండి. ఇలాగే, నెట్‌వర్క్ చూసే వీటామ్‌కి ఐఎస్‌టీ020ఐ, సీఐసీఎస్‌కి డీఎఫ్‌హెచ్‌ఎస్‌ఐ1517.

ఇంకో తలనొప్పి. ఆపరేటర్ కన్సోల్‌లో టాస్క్‌ని చేత్తో ఆపుతాడు, ఎస్‌ఎస్‌ఎం మళ్లీ లేపుతుంది. తప్పు దానిది కాదు, డిజైర్డ్ ఇంకా అప్‌లోనే ఉంది. ఆపాలంటే డిజైర్డ్‌ని డౌన్ చేయండి. మెయింటెనెన్స్ మధ్యలో ఉంటే ఆ వరుస మోడ్‌ని పాసివ్ చేస్తే, స్టేట్ చూస్తుంది గానీ చెయ్యి పెట్టదు.

జెడ్/ఓఎస్ సొంత ఆటోమేటిక్ రీస్టార్ట్ మేనేజర్ అయిన ఏఆర్‌ఎం‌లోనూ డీబీ2 రిజిస్టర్ అయి ఉంటే, పడిపోయినప్పుడు ఇద్దరూ స్టార్ట్ కొడతారు. ఎవరో ఒకరికే వదిలేయండి. ఎస్‌ఎస్‌ఎం‌కి ఇస్తే, ఏఆర్‌ఎం పాలసీలో ఆ ఎలిమెంట్‌కి రీస్టార్ట్ అటెంప్ట్స్ 0 పెట్టండి.