డిస్కులో ఎంత వీడియో పడుతుంది?

శ్రోతలకు నమస్కారం.

డీవీడీలో ఎన్ని గంటల వీడియో పడుతుందని అడిగితే, చాలామంది రెండు గంటలని ఠక్కున చెబుతారు. ఖాళీ డిస్కు అట్ట మీదా 120 నిమిషాలని అచ్చు వేస్తారు. కానీ డిస్కుకు గంటలతో పని లేదు. దానికి తెలిసింది బైట్లే.

రెండు గంటల నాటకాన్ని డిస్కుకు ఎక్కించాలనుకుందాం. కాగితం, కలం ఉంటే తీసుకోండి. ఈ లెక్క కోట్లలో, లక్షల్లో చేయడమే నాకు హాయి. ఒక పొర ఉన్న డీవీడీలో దాదాపు 470 కోట్ల బైట్లు పడతాయి. కంప్యూటర్ దాన్నే 4.38 గిగాబైట్లని చూపిస్తుంది. అది వెయ్యికి బదులు 1024 చొప్పున లెక్కిస్తుంది కాబట్టి. కంగారు పడకండి, డిస్కులో ఏమీ తగ్గలేదు.

వీడియో వేగాన్ని, అంటే సెకను వీడియోకు ఎంత సమాచారం ఖర్చవుతుందో దాన్ని, బిట్లలో కొలుస్తారు. బైటుకు 8 బిట్లు. కనుక 470 కోట్లను 8తో గుణించండి: 3,760 కోట్ల బిట్లు. ఈ ఎనిమిదిని మరిచిపోతే లెక్కంతా తలకిందులవుతుంది. మళ్లీ చెబుతున్నాను, ఎనిమిదితో గుణించాలి. రెండు గంటలంటే 7,200 సెకన్లు. భాగిస్తే సెకనుకు సుమారు 52 లక్షల బిట్లు వస్తాయి.

అదంతా బొమ్మకే ఇచ్చేయకండి. మెనూకూ ఇతర అవసరాలకూ రెండు లక్షలు పక్కన పెట్టండి. మామూలు స్టీరియో ధ్వనికి ఇంకో రెండు లక్షలు. బొమ్మకు మిగిలేది 48 లక్షలు. నాటకానికి అది బాగానే సరిపోతుంది. కదలిక ఎక్కువున్న చోట ఎక్కువ బిట్లు, తక్కువున్న చోట తక్కువ ఖర్చు చేసే పద్ధతి ఉంది. అప్పుడు ఈ 48 లక్షలను సగటుగా ఇవ్వాలి.

అదే నాటకం మూడు గంటలైతే? మొత్తం వాటా సెకనుకు 35 లక్షలకు పడిపోతుంది. మాటలు నడిచే సన్నివేశాలు ఎలాగో నెట్టుకొస్తాయి. నృత్యం మొదలైందంటే బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోతుంది. ఇక గంటలోపు వీడియో అయితే చోటుకు కొదవ లేదు. అక్కడ అడ్డుపడేది మరొకటి: డీవీడీ ప్రమాణం బొమ్మ, ధ్వని అన్నీ కలిపి సెకనుకు కోటీ 80 వేల బిట్లు దాటనివ్వదు.

కాబట్టి ముందు నిడివి చూడండి, తర్వాతే వేగం నిర్ణయించండి. వేగం ముందే పెట్టేసుకుని, ఆఖరి పది నిమిషాలు పట్టలేదని వాపోయేవారే ఎక్కువ. మూడు గంటల నాటకాన్ని ఒకే డిస్కులో కుక్కడం నాకు నచ్చదు. విరామం దగ్గర విడగొట్టి రెండు డిస్కులకు ఎక్కించండి, లేదా 850 కోట్ల బైట్లు పట్టే రెండు పొరల డిస్కు తెచ్చుకోండి. దాన్ని మీ డీవీడీ ప్లేయరు చదవగలదో లేదో మాత్రం ముందే చూసుకోండి.