విమానానికి ఎదురుగాలే మేలు

శ్రోతలకు నమస్కారం. నడిచేవారికి, సైకిలు తొక్కేవారికి ఎదురుగాలి అంటే చికాకు. టేకాఫ్‌కు సిద్ధమైన విమానానికి మాత్రం అంతకు మించిన సాయం లేదు.

విమానం లేవాలంటే రెక్కల మీదుగా గాలి తగినంత వేగంగా సాగాలి. నేల మీద చక్రాలు ఎంత వేగంతో దొర్లుతున్నాయన్నది రెక్కలకు పట్టదు. ఒక విమానానికి గంటకు 200 కిలోమీటర్ల గాలి వేగం కావాలనుకోండి. ఎదురుగా 20 కిలోమీటర్ల గాలి వీస్తుంటే చక్రాలు 180 అందుకుంటే చాలు. తగ్గింది పదో వంతే కదా అనిపిస్తుంది. కానీ పరుగు దూరం వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. గాలి లేనప్పుడు వెయ్యి మీటర్లు పరుగెత్తే విమానం ఇప్పుడు సుమారు 810 మీటర్ల దగ్గరే లేచిపోతుంది. అదే గాలి వెనక నుంచి తోస్తే? ఆ దూరం దాదాపు 1,210 మీటర్లవుతుంది. 1903 డిసెంబరు 17న రైట్ సోదరులు తమ విమానాన్ని లేపింది కూడా బలమైన ఎదురుగాలిలోనే.

అయితే గాలి నిలకడగా ఉండదు. అందుకే ప్రయాణికుల విమానాల నిబంధనల ప్రకారం ఎదురుగాలిలో సగాన్నే లెక్కలోకి తీసుకోవాలి. వెనకగాలినైతే ఒకటిన్నర రెట్లు చేసి చూడాలి. కీడెంచి మేలెంచమన్న మాటను అంకెల్లో రాసినట్టుండే ఈ నియమం నాకెంతో ఇష్టం.

ఇక వాలు. వంద మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎత్తు పెరిగే రన్‌వే మీద 70 టన్నుల విమానం కదిలితే, సుమారు 700 కిలోల బరువు దాన్ని పరుగు పొడుగునా వెనక్కి లాగుతూనే ఉంటుంది. చిన్న విమానాలు రెండు శాతం ఎత్తుకు ఎక్కాల్సి వస్తే దూరాన్ని పది శాతం పెంచి లెక్క వేసుకోమని బ్రిటన్ విమానయాన సంస్థ సూచిస్తుంది. పల్లానికి పరుగెత్తితే వేగం త్వరగా వస్తుంది, నిజమే. కానీ మధ్యలో టేకాఫ్ మానుకోవాల్సి వస్తే ఆ పల్లమే బ్రేకులకు అడ్డం పడుతుంది.

నేపాల్‌లోని లుక్లా విమానాశ్రయంలో గాలి, వాలు రెండూ తలపడతాయి. రన్‌వే పొడవు 527 మీటర్లే, వాలు దాదాపు 12 శాతం. పై కొసన కొండ, కింది కొసన లోయ. విమానం బరువులో సుమారు ఎనిమిదో వంతు దాన్ని ముందుకు తోస్తుంది కాబట్టి, గాలి ఎటు వీస్తున్నా టేకాఫ్ లోయ వైపే. పొద్దెక్కేకొద్దీ అక్కడ గాలులు ముదురుతాయి. అందుకే విమానాలు ఎక్కువగా ఉదయం పూటే నడుస్తాయి. వెనకగాలి హద్దు దాటిందా, లేవాల్సిన విమానం అక్కడే ఆగిపోతుంది.